భయానక కథ: ఎవరి భయం? ఎవరంటే భయం?

దయ్యాల కథ అనగానే మన విమర్శకులు రెండే మాటలంటారు. అది మూఢనమ్మకాలను పెంచుతుందనేది ఒకటి. అది ఉత్త కాలక్షేపం అనేది రెండోది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని ఆ రెండు మాటలతో చర్చ ముగించేస్తే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. దయ్యాలు లేవని గట్టిగా నమ్మే పాఠకుడు కూడా ఒకానొక కథ చదివి, ఆ రాత్రి దీపం ఆర్పడానికి ఎందుకు వెనకాడతాడు? కథలో నెత్తురు చుక్క లేదు. శవం కూడా కనబడలేదు. మరి అతన్ని భయపెట్టిందేమిటి?

మన ఆలంకారికులు ఈ సంగతి కొంతవరకు ఆలోచించారు. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరు రసాలుగా లెక్కగట్టాడు. మొదటిదానికి స్థాయీభావం భయం, రెండోదానికి జుగుప్స. నెత్తురు, పేగులు, కుళ్లిన శరీరం జుగుప్స కలిగిస్తాయి. జుగుప్స కలిగినవాడు మొహం తిప్పుకుంటాడు. భయం కలిగినవాడు తిప్పుకోలేడు, ఇంకా పరీక్షగా చూస్తాడు. ఈ తేడా చిన్నది కాదు. అయితే బీభత్సం నుంచే భయానకం పుడుతుందని చెప్పినవాడూ భరతుడే. ఇక్కడ ఆయనతో నాకు పేచీ వుంది. ఆధునిక కథానిక ఆ వావివరసను తలకిందులు చేసింది. నేను చదివినంతలో బాగా భయపెట్టిన కథలు జుగుప్సను గడప దాటనివ్వలేదు. రంగస్థలం మీద మరణాన్ని చూపించకూడదన్న మన పాత నాటక నియమమే వాటికి ఎక్కువ దగ్గర.

నేను ఈ రకం కథలు ఎక్కువగా చదివింది ఉస్మాన్‌గంజ్‌లో. అక్కడ ఒక అడ్తి దుకాణంలో చాలా ఏళ్లు చిట్టా, ఖాతా రాశాను. పుస్తకాలకు కొదవ లేదు. ఆదివారం వస్తే ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టలు. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచీ వున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. పెద్ద లారీలను పగటిపూట ఊళ్లోకి రానివ్వరు కాబట్టి సరుకు దిగేది రాత్రి. లారీ వచ్చేదాకా హమాలీలు గోనెసంచులు పరుచుకుని కూర్చునేవారు. నేను చదివిన కథలు వాళ్లకు తెలుగులో చెప్పేవాణ్ణి. సాహిత్య సేవ అనుకుని చేసిన పని కాదది. నిద్ర ఆపుకోవడానికి చేసింది. కాని విమర్శకుడికి అంతకంటే మంచి పరీక్ష దొరకదు. బీడీ ఎక్కడ చేతిలోనే ఆరిపోతుందో, ఎక్కడ నవ్వుతారో, ‘తర్వాత?’ అని అడగడం ఎక్కడ మానేస్తారో కళ్లెదుటే తెలిసిపోతుంది.

ముందుగా ఒక ఇంగ్లీషు కథ. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ రాసిన ‘మంకీస్ పా’ (కోతి చెయ్యి అనుకుందాం) 1902లో అచ్చయింది. వైట్ అనే ముసలాయన, ఆయన భార్య, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. మన దేశంలో ఇరవయ్యొక్కేళ్లు సైన్యంలో పనిచేసి వెనక్కి వెళ్లిన సార్జెంట్ మేజర్ ఒకడు వాళ్లింటికి ఎండిపోయిన కోతి చెయ్యి తెస్తాడు. ఎవరో ఫకీరు దాన్ని మంత్రించాడట. ముగ్గురు మనుషులకు మూడేసి కోరికలు తీరుస్తుందట. ముసలాయన ఇంటి బాకీ తీరడానికి 200 పౌన్లు కావాలంటాడు. మర్నాడు కొడుకు పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఒక మనిషి వస్తాడు. కుర్రాడు యంత్రంలో చిక్కుకుని పోయాడు. కంపెనీ ఏ బాధ్యతా ఒప్పుకోదు. అయినా అతను చేసిన పనికి గుర్తింపుగా కొంత సొమ్ము ఇస్తుంది. ఆ సొమ్ము 200 పౌన్లు.

తర్వాత కథ చాలామందికి తెలుసు. కొడుకును బతికించమని కోరుకొమ్మని ముసలామె పట్టుపడుతుంది. రాత్రి ఎవరో తలుపు కొడతారు. ఆమె గడియ తీసేలోగా ముసలాయన మూడో కోరిక కోరతాడు. తలుపు తెరిస్తే ఖాళీ రోడ్డు. యంత్రం ఆ కుర్రాణ్ణి ఏంచేసిందో జేకబ్స్ ఎక్కడా వర్ణించడు. బట్టలనుబట్టి మాత్రమే గుర్తుపట్టానని తండ్రి నోట ఒక ముక్క చెప్పించి వూరుకుంటాడు. తక్కిన పని పాఠకుడు చేసుకుంటాడు. తలుపు అవతల నిలబడ్డ ఆకారాన్ని ఎవరి మనసు వాళ్లు తయారుచేసుకోవాలి. ఏ రచయిత వర్ణించినా దానికి సాటిరాదు.

ఈ కథ గురించి రాసేవాళ్లందరూ ఆ తలుపు చప్పుడు దగ్గరే ఆగుతారు. శిల్పం అక్కడే వుందంటారు. మా దుకాణం ముందు కూర్చున్నవాళ్లు అక్కడ ఆగలేదు. తలుపు చప్పుడును వాళ్లు ఆనందించారు, అంతే. ‘ముసలామె తియ్యనీయకపోయె’ అని ఒకతను నవ్వాడు కూడా. వాళ్లు మాట్లాడటం మానేసింది చాలా ముందు, కంపెనీ మనిషి గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడని చెప్పినప్పుడు. ఆ తచ్చాడటం వాళ్లకు తెలుసు. డబ్బు తెచ్చినవాడు అట్లాగే నిలబడతాడు. కథ అంతా అయ్యాక వచ్చిన మొదటి ప్రశ్న దయ్యం గురించి కాదు. ‘గా రెండొందలు ఎట్ల లెక్కగట్టిండ్రు సారూ?’ అని.

ఈ ప్రశ్నకు సాహిత్య విమర్శ పుస్తకాల్లో జవాబు దొరకదు. చట్టం పుస్తకంలో దొరుకుతుంది. ఇంగ్లండులో పనివాళ్ల నష్టపరిహారం చట్టం 1897లో వచ్చింది. పనిలో చనిపోయినవాడి మీద ఆధారపడినవాళ్లకు అతని మూడేళ్ల కూలిగాని 150 పౌన్లుగాని, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని, ఏదేమైనా 300 దాటకూడదని అందులో రాశారు. ఇక 200 ఎక్కడుందో చూడండి. ఆ కాలపు ఇంగ్లీషు పాఠకుడికి ఆ అంకె మంత్రలోకం నుంచి ఊడిపడలేదు. అది ఎవరో గుమాస్తా బల్లముందు కూర్చుని వేయదగిన అంకె. పైగా కథలోని కంపెనీ చట్టప్రకారం ఇవ్వడంలేదు, దయతలచి ఇస్తోంది. మంత్రం అడిగిన వెలా, పెట్టుబడి కట్టిన వెలా ఒక్కటే కావడంలో ఈ కథ భయమంతా వుంది. కోతి చెయ్యి ప్రకృతికి విరుద్ధంగా ఏమీ చెయ్యలేదు. ఊళ్లో రోజూ జరిగే పనినే ఒక ఇంట్లోవాళ్లు కోరుకున్నట్టుగా చేసి చూపించింది. తండ్రి తన నోటితో కొడుకు వెల చెప్పాడు, వాళ్లు ఆ వెల చెల్లించారు.

జేకబ్స్ కార్మికవర్గ రచయిత అని నేననడం లేదు. ఆయన ఎక్కువగా రాసినవి ఓడరేవుల హాస్యకథలు. అయితే ఆయన తండ్రి థేమ్స్ ఒడ్డున సరుకులు దించే రేవులో మేనేజరు. ఆయన స్వయంగా 1899 దాకా పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా. చిన్న మొత్తాలు మనుషుల బతుకుల్లో ఏం చేస్తాయో రోజూ లెడ్జర్లలో చూసినవాడు. ఆ చూపు కథలోకి వచ్చింది, ఆయన అనుకున్నా అనుకోకపోయినా.

మన దేశంలో అలాంటి చట్టం 1923లో వచ్చింది. ఉస్మాన్‌గంజ్ హమాలీకి అది ఎంతవరకు అందిందనేది వేరే కథ. బస్తా ఒకరిది, లారీ ఇంకొకరిది, గోదాము మరొకరిది. మెట్లమీద జారి నడుం విరిగినవాడికి యజమాని ఎవరు? మహారాష్ట్రలో మథాడీ, హమాలీ కార్మికుల కోసం 1969లోనే ప్రత్యేక చట్టం చేశారు. మన హమాలీ సంఘాలు సంక్షేమ బోర్డు కోసం ఎన్నాళ్లనుంచో అడుగుతూనే వున్నాయి. కవరులో డబ్బు పెట్టి, ఇది బాధ్యత కాదు, ఏదో మా తృప్తికి అంటూ ఇవ్వడం నేను బజారులో చూశాను. ‘గా రెండొందలు’ అన్న ప్రశ్న అక్కడినుంచి వచ్చింది.

పత్తి లెక్కలతో ముడిపడిన ఇంకో కథ మనకు మరింత దగ్గరది. రవీంద్రనాథ్ టాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణం’. రైలుకోసం ఎదురుచూస్తూ వెయిటింగ్ రూములో ఒకాయన చెప్పే కథ అది. చెప్పేవాడు ఒకప్పుడు మన హైదరాబాదు నిజాం కొలువులో ఉద్యోగి. బరీచ్ అనేచోట పత్తిమీద సుంకం వసూలు చెయ్యడం అతని పని. పగలంతా పద్దులు. రాత్రి మకాం నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో. చీకటిపడితే మెట్లమీద పరుగులు, గజ్జెల చప్పుడు, నీళ్లల్లో దిగుతున్న సవ్వడి. కంటికి మాత్రం ఎవరూ కనబడరు. ఎక్కడినుంచో తెచ్చి అమ్మేసిన ఆడవాళ్ల కోరికలూ కన్నీళ్లూ ఆ రాళ్లల్లో ఇంకిపోయాయి. రాళ్లకు ఆకలి వేస్తోంది. తెల్లవారగానే మెహెర్ అలీ అనే పిచ్చివాడు అంతా అబద్ధమనీ, దూరంగా పొమ్మనీ అరుస్తూ మహలు చుట్టూ తిరుగుతాడు.

ఇందులో ఎవరూ చావరు. ఎవరి గొంతూ తెగదు. అయినా చదివినవాణ్ణి ఆ మహలు నాలుగు రోజులు వదలదు. టాగూర్ భాషలోని సొగసు దీనికి కొంత కారణం. అసలు కారణం మాత్రం పగటికీ రాత్రికీ వున్న సంబంధం. పగలు అతను రాసేది రైతులు ఇచ్చుకున్న పత్తి సుంకం లెక్క. రాత్రి వినబడేవాళ్లు ఏ లెక్కలోకీ ఎక్కనివాళ్లు. ఏ వైభవాన్ని చూసి మనం ముచ్చటపడతామో దాని పునాదిలో ఎవరున్నారని టాగూర్ అడగడు. చప్పుడు మాత్రం వినిపిస్తాడు. ఇంకో తమాషా. కథ చివర రైలు వచ్చేస్తుంది, అసలు సంగతి చెప్పకుండానే ఆయన వెళ్లిపోతాడు. విన్న ఇద్దరిలో ఒకడు దివ్యజ్ఞాన సమాజం మనిషి, నమ్ముతాడు. రెండోవాడు అంతా కల్పన అంటాడు. దాంతో ఇద్దరికీ చెడిపోతుంది. మన పత్రికల్లో దయ్యాల కథలమీద జరిగే చర్చను టాగూర్ అప్పుడే రాసిపెట్టాడనిపిస్తుంది. నమ్మాలా వద్దా అని కొట్టుకుంటూ, ఆ ఆడవాళ్లెవరని అడగడం ఇద్దరూ మరిచిపోయారు.

ఇక మన తెలుగు సంగతి. మనకు దయ్యాల కథల పేదరికం ఏనాడూ లేదు. చింతచెట్టు కనబడితే చాలు, దానిమీద ఎవరినో ఒకరిని కూర్చోబెడతాం. (ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు వుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. చింతచెట్టుకు మన కథకులు బాకీపడ్డారు.) చందమామ బేతాళ కథలు వినని ఇల్లు లేదు. చూడండి, రాజు భుజాన శవం వుంది, చోటు శ్మశానం, వేళ అర్ధరాత్రి. అయినా ఏ పిల్లవాడూ శవానికి భయపడలేదు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న షరతుకు భయపడ్డాడు. భయం శవంలో లేదు, షరతులో వుందన్న సంగతి మన జానపదులకు తెలుసు.

ఆ తెలివి 1980ల మొదట్లో మన వారపత్రికలు పోగొట్టుకున్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి సంచలనం సృష్టించింది. చిన్నపిల్లమీద ‘కాష్మోరా’ అనే ప్రయోగం. ప్రయోగానికి గడువు ఇరవయ్యొక్క రోజులు. వారం వారం పాఠకుడు రోజులు లెక్కపెట్టాడు. యండమూరి గారి నేర్పును తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. గడువు పెట్టడంలోనే ఆయనకు ఆ విద్య తెలుసని కనబడుతుంది. అది నవల, నా విషయం కథానిక. అయినా దాన్ని దాటిపోలేను. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పత్రికల్లో వచ్చిన క్షుద్రకథలన్నిటికీ అదే ఒరవడి. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. మూఢనమ్మకానికి విజ్ఞానం ముసుగు వేస్తున్నారన్న అభియోగంతో నేను ఏకీభవిస్తాను. దానికి ఒక మాట చేర్చాలి.

ఆ నవలలో పిల్లమీద ప్రయోగం దేనికోసం? డబ్బుకోసం. ఒక పసిపిల్ల పేర వున్న సొమ్ముకోసం అయినవాళ్లే ఆమె చావును కోరుకుంటారు. ఇంతకంటే భయంకరమైన వస్తువు ఇంకేం కావాలి? జేకబ్స్ చేతిలో పడితే అక్కడే ఆగిపోయేవాడు. ఇంట్లో అందరూ కలిసి అన్నం తింటూ వుంటారు, అందులో ఎవరో ఒకరు ఆ పిల్ల వైపు లెక్కపెడుతున్నట్టు చూస్తారు. చాలు. కాని క్షుద్రసాహిత్యం ఆ భయాన్ని ఇంట్లోంచి తీసుకుపోయి అడవిలో పడేసింది. డబ్బు ఆశ వెనక్కిపోయింది. ముగ్గులు, పుర్రెలు, నెత్తుటి పూజలు ముందుకొచ్చాయి. పాఠకుడు భయపడవలసిన మనిషి మారిపోయాడు. ఆస్తిపరుడైన బంధువు పోయి, నిరుపేద మాంత్రికుడు వచ్చాడు.

ఇది శిల్పానికి మాత్రమే సంబంధించిన లోపమైతే ఇంత రాయనక్కర లేదు. మెదక్, మహబూబ్‌నగర్, కరీంనగర్ పల్లెల్లో బాణామతి, చేతబడి పేరుతో ఏం జరుగుతూ వచ్చిందో మనకు తెలుసు. ఎవరి బిడ్డకో జ్వరం వస్తుంది, ఎవరి గేదో చస్తుంది, ఊరంతా ఒక మనిషి వైపు చూస్తుంది. ఆ మనిషి చాలాసార్లు దళితుడు, లేదా ఒంటరి ముసలామె, లేదా పాలివాళ్లతో భూమి తగాదా వున్నవాడు. పళ్లు ఊడగొట్టారు, చెట్టుకు కట్టి కొట్టారు, తగలబెట్టారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో హత్యలకు కారణాలు చూపే పట్టికలో మంత్రవిద్యకు ఒక గడి కేటాయించవలసి వచ్చింది. మహారాష్ట్రలో దీనికి వ్యతిరేకంగా చట్టం కావాలని ఏళ్లతరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పూణెలో కాల్చి చంపారు. ఆయన చచ్చిపోయాకే అక్కడి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది.

కాబట్టి కథలో నెత్తురు వుందా లేదా అన్నది అసలు గీటురాయి కాదు. నెత్తుటి బొట్టు లేకుండా, ఎంతో సున్నితంగా, ఒక ముసలామె చూపు సోకి పిల్ల నీరసించిపోయిందని రాసిన కథ కూడా ఆమె గుడిసెకు నిప్పుపెట్టే చేతికి అగ్గిపెట్టె అందించగలదు. కథ ఎవర్ని చూసి భయపడమంటోంది? ఇది చూడాలి. అట్లాగని భయం కలిగించే కథలన్నిటినీ మూఢనమ్మకాల కింద కొట్టెయ్యడం మనవాళ్లు చేస్తున్న రెండో పొరపాటు. అప్పులవాడి అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడేవాడి భయం మూఢనమ్మకం కాదు. అది అనుభవం. ఆ అనుభవాన్ని మనం వదిలేస్తే దాన్ని ఇంకెవరో తీసుకుపోయి పుర్రెలకు తగిలిస్తారు.

మన అభ్యుదయ కథకులు దాన్ని పూర్తిగా వదిలెయ్యలేదు కూడా. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1966లో యువ పత్రికలో వచ్చింది. చివర నెత్తురుంది. ఆ ముగింపు సబబా కాదా అని ఎంతో చర్చ జరిగింది. నాకు ఒళ్లు జలదరించింది అక్కడ కాదు. పంచాయితీ జరుగుతున్నంతసేపూ అందరూ మర్యాదగానే మాట్లాడతారు. పెద్దమనిషి శ్రీరాములునాయుడు అన్యాయం చేస్తున్నట్టు ఎక్కడా కనబడడు. లెక్కలన్నీ సరిగ్గానే వున్నాయి. అప్పల్రాముడి అప్పు న్యాయమైనదే, తీర్చవలసిందేనని తేలుతుంది. లెక్క సరిగ్గా వుండి, మనుషులు మర్యాదస్తులై వుండి, ఒక కుటుంబం మొత్తం పాలేర్లైపోవడం. ఖాతాలు రాసేవాడిగా చెబుతున్నాను, అంతకంటే భయానకమైన పేజీలు నేను తెలుగులో చదవలేదు. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది కాబట్టి దాని గురించి అందరూ రాశారు. అందులోనూ భయపెట్టేది తుఫాను ఒక్కటే కాదు. జీవిత నియమాల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషికి ఆ రాత్రి ముష్టి అడుక్కునే ఆమె ఒంటి వెచ్చదనం తప్ప ఆధారం లేకపోవడం.

ఉర్దూలో సాదత్ హసన్ మంటో ‘ఖోల్ దో’ వుంది. దేశ విభజన అల్లర్లలో కూతురు తప్పిపోయిన తండ్రి, ఆమెను వెతికి తెస్తామన్న వాలంటీర్లు, ఒక డాక్టరు, ఒక కిటికీ. మూడు నాలుగు పేజీలు. ఆ అల్లర్ల గురించి రాసినవాళ్లు చాలామంది కత్తులనూ శవాల రైళ్లనూ వర్ణించారు. మంటో కిటికీ తెరవమన్న మాట ఒకటి చెప్పి పక్కకు తప్పుకున్నాడు. పైగా ఆ ఆపద్బాంధవులు అవతలి మతంవాళ్లు కారు. భయాన్ని పొరుగువాడిమీద తోసేసి ఊపిరి పీల్చుకునే వీలు పాఠకుడికి ఇవ్వలేదు. ఇట్లాంటి మంటోను ఆనాటి అభ్యుదయ రచయితలు బూతు రచయిత అని దూరం పెట్టారన్నది మనం మరిచిపోకూడని సంగతి. ఈ కథ నేను గంజ్‌లో చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

చివరగా చెప్పినది అమెరికా రచయిత్రి షిర్లీ జాక్సన్ ‘లాటరీ’. 1948 జూన్ 26న న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. జూన్ నెల ఉదయం, మంచి ఎండ, మూడువందలమంది వున్న చిన్న ఊరు. పిల్లలు రాళ్లు ఏరి కుప్ప పోస్తుంటారు. మగవాళ్లు పంటల గురించీ పన్నుల గురించీ మాట్లాడుకుంటారు. ఒక నల్లపెట్టెలోంచి ఇంటికొకరు చీటీ తీస్తారు. చుక్కవున్న చీటీ వచ్చిన మనిషిని ఊరంతా కలిసి రాళ్లతో కొట్టాలి. ఎందుకో ఊళ్లో ఎవరికీ సరిగా గుర్తులేదు. ఎప్పటినుంచో వున్న పద్ధతి. మొదటి రాయి తగిలి, ఊరంతా ఆమె మీదికి వచ్చిపడిన చోట కథ ఆగిపోతుంది. ఆ వేసవిలో రచయిత్రికి మూడువందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. తిట్లు సరే, ఇలాంటి లాటరీ ఏ ఊళ్లో జరుగుతుంది, వెళ్లి చూడవచ్చా అని అడిగినవాళ్లూ వున్నారట.

మావాళ్లు ఆ మాట అడగలేదు. ఏ ఊళ్లో జరుగుతుందో చెప్పగలిగినవాళ్లు వాళ్లలోనే వున్నారు. ఒకతను తనది పాలమూరు పక్క పల్లె అని, చిన్నప్పుడు అట్లాగే ఊరంతా పోగైందని, తనచేత కూడా రాయి పట్టించారని మెల్లగా అన్నాడు. కొట్టావా అని ఎవరూ అడగలేదు. జాక్సన్ కథలో ఒక పసివాడి చేతిలో గులకరాళ్లు పెట్టే చోటు వుంది. వాడిది చీటీ వచ్చిన ఆమె కడుపున పుట్టిన కొడుకే. నేను ఆ ముక్క చెప్పకుండా దాటేశాను. అతని మాట విన్నాక చెప్పవలసి వచ్చింది.

ఈ కథ గురించి రాసినవాళ్లు మానవ స్వభావంలోని క్రౌర్యం అంటారు, ఆదిమ బలి ఆచారం అంటారు. ఈ పెద్ద మాటలు నాకు సాయపడలేదు. జాక్సన్ చాలా మామూలుగా రాసిన కొన్ని వివరాలు చూడాలి. లాటరీ నడిపేది బొగ్గు వ్యాపారి. అతనికి సాయం పోస్టుమాస్టరు. పెట్టె కదలకుండా పట్టుకునేది మార్టిన్ అనే అతనూ అతని కొడుకూ. ఊళ్లో కిరాణా దుకాణం కూడా మార్టిన్ పేరుమీదే వుంది. ఊరికి సరుకూ ఉత్తరాలూ ఎవరి చేతులమీదుగా వస్తాయో చావూ వాళ్ల చేతులమీదుగానే వస్తుంది. వాళ్లెవరూ దుర్మార్గులు కారు. ముందురోజు రాత్రి కూర్చుని చీటీలు తయారుచేస్తారు, జాబితా సరిచూసుకుంటారు, పెట్టెకు తాళం వేస్తారు.

కథ అయ్యాక చాలాసేపటికి ఆ పాలమూరు అతనే అడిగాడు, ఆ పెట్టె మిగతా ఏడాదంతా ఎక్కడ వుంటుందని. జాక్సన్ అదీ రాసింది. ఒక ఏడు ఎవరిదో కొట్టంలో, ఒక ఏడు పోస్టాఫీసులో కాళ్లకు అడ్డంపడుతూ, ఒక్కోసారి కిరాణా దుకాణంలో అరమీద. ‘ఏం డబ్బాల పక్కన?’ అన్నాడు. ఆ సంగతి కథలో లేదని చెప్పాను.